జెఫర్సన్ బర్డిక్

లోకమున కీర్తిమంతులైన వారు పలు తెరగులవారు. కొందరు రాజ్యములను జయించి పేరు పొందిరి. కొందరు క్రొత్త యంత్రములను కనిపెట్టి జనులకు మేలు చేసిరి. మరికొందరు కావ్యములు వ్రాసి, చిత్రములు గీసి శాశ్వతులైరి. కాని, ఇతరులు పనికిరానివని పారవేసిన వస్తువులను ఓర్పుతో ఏరి, వానికొక క్రమము నేర్పరచి, ముందుతరముల వారికి అప్పగించి పేరు పొందినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో అమెరికా దేశస్థుడగు జెఫర్సన్ బర్డిక్ ఒకడు. అతడు ధనవంతుడు కాడు, పెద్ద పదవుల నలంకరించినవాడు కాడు, ఆరోగ్యవంతుడైనను కాడు. అయినను సిగరెట్టు పెట్టెలలో వచ్చెడి చిన్న బొమ్మకార్డులకు ప్రపంచ ప్రఖ్యాతిగల కళాప్రదర్శనశాలలో స్థానము సంపాదించి పెట్టెను. అమెరికాలో బొమ్మకార్డుల సేకరణకు పితామహుడని అతనిని నేటికిని చెప్పుకొందురు.

బర్డిక్ చేసిన పని యెట్టిదో తెలియవలెనన్న, ముందుగా ఆ కార్డుల పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున అమెరికాలో సిగరెట్ల వాడుక హెచ్చెను. ఆనాటి సిగరెట్టు పెట్టెలు మెత్తని కాగితముతో చేసినవి. జేబులో నుంచుకొన్న సిగరెట్లు నలిగిపోయెడివి. అందుచేత వ్యాపారులు ప్రతి పెట్టెలోను గట్టిగానుండు చిన్న అట్టముక్క నొకదానిని ఉంచసాగిరి. ఖాళీ అట్టను ఉంచుటకంటె దానిమీద బొమ్మను అచ్చువేసినచో కొనువారి మనస్సును ఆకర్షింపవచ్చునని వారికి త్వరలోనే తోచెను. వర్జీనియా రాష్ట్రమునందలి రిచ్మండ్ నగరమున అలెన్ అండ్ గింటర్ అను కంపెనీ యుండెను. ఈ కంపెనీవారు పక్షులు, జెండాలు, రాజులు, నటీమణులు మొదలుగాగల బొమ్మలను వరుసలు వరుసలుగా వెలువరించిరి. 1887వ సంవత్సరమున వారు ప్రసిద్ధులైన 50 మంది క్రీడావీరుల బొమ్మలు గల వరుస నొకదానిని ప్రకటించిరి. అందులో మల్లులు, ముష్టియోధులు, పడవ పందెగాండ్రు, గురికాండ్రు మున్నగువారితోపాటు బేస్ బాల్ ఆటగాండ్రు పదిమంది కలరు.

బేస్ బాల్ అనునది అమెరికనులకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఆట. మన క్రికెట్టువలె అదియు బంతితోను బ్యాటుతోను ఆడునదే. ఒక్కొక్క జట్టునందు తొమ్మండుగురు ఆటగాండ్రు ఉందురు. బంతిని కొట్టినవాడు నలుమూలల నమర్చిన నాలుగు గురుతులను వరుసగా తాకి తిరిగివచ్చినచో వాని జట్టునకు ఒక పరుగు లభించును. ఆటగాండ్రన్న బాలురకు ఎనలేని అభిమానము. న్యూయార్కులోని గుడ్విన్ కంపెనీవారు ఈ అభిమానమును గుర్తించి, తమ ఓల్డ్ జడ్జ్ సిగరెట్లతో వందలకొలది ఆటగాండ్ర ఛాయాచిత్రములను పంచిపెట్టిరి. ఆకాలపు కెమెరాలు వేగముగా కదలు బంతిని పట్టుకొనజాలవు. కావున ఆటగాని ఛాయాచిత్రశాలలో నిలువబెట్టి, బంతిని సన్నని దారముతో పైనుండి వ్రేలాడదీసి, దానిని పట్టుచున్నట్లుగా బొమ్మ తీసెడివారు. కొన్ని కార్డులలో ఆ దారముకూడ స్పష్టముగా కనబడును.

1890వ సంవత్సరమున పెద్ద పెద్ద సిగరెట్టు కంపెనీలు కలిసి అమెరికన్ టొబాకో కంపెనీ అను ఒకే సంస్థగా ఏర్పడెను. జేమ్స్ బుకానన్ డ్యూక్ దాని కధిపతి. పోటీ తగ్గిపోగా బొమ్మకార్డులు పంచవలసిన అవసరమును తగ్గిపోయెను. కొన్ని యేండ్లపాటు అవి చాలవరకు కనుమరుగయ్యెను. మరల 1909 ప్రాంతమున అవి విరివిగా రాసాగెను. 1909 నుండి 1911 వరకు ఆ కంపెనీవారు వెలువరించిన బేస్ బాల్ కార్డుల వరుస ఒకటి అన్నిటికంటె ప్రసిద్ధమైనది. అందులో ఐదువందలకు మించిన వేరువేరు కార్డులు కలవు. ఒక్కొక్క కార్డు పొడవు రెండున్నర అంగుళములకు కొంచెము ఎక్కువ. వెడల్పు ఒకటిన్నర అంగుళములకు కొంచెము తక్కువ. చుట్టును తెల్లని అంచు, నడుమ రంగులతో అచ్చొత్తిన ఆటగాని బొమ్మ, క్రింద అతని పేరు, ఊరు ఉండును. వెనుకవైపున పీడ్మాంట్, స్వీట్ కాపొరల్ మొదలగు సిగరెట్ల ప్రకటనలు ఉండును.

ఈ కార్డులను వ్యాపారులు ఉదారబుద్ధితో పంచిపెట్టలేదు. ఒక వరుసలోని కార్డులన్నియు దొరకువరకు కొనువాడు అదే సరకును మరల మరల కొనుననుట వారి లెక్క. బొమ్మలకొరకు బాలురు తమ తండ్రులను ఫలానా సిగరెట్టే కొనుమని వేధించెడివారు. అంగళ్ళ వాకిళ్ళలో నిలిచి, వచ్చిపోవువారిని కార్డు ఇచ్చిపొమ్మని బతిమాలెడివారు. పొగాకు శరీరమునకు చేయు కీడు ఎంతటిదో ఆనాటివారికి స్పష్టముగా తెలియదు. 1964వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి ప్రకటించిన నివేదిక సిగరెట్లకును ఊపిరితిత్తులలో పుట్టు కాన్సరునకును గల సంబంధమును దేశమునకెల్ల వెల్లడిచేసెను. అయినను పిల్లలకు బొమ్మల ఆశ చూపి పొగాకును ఇంటింట ప్రవేశపెట్టుట తగదని తలచినవారు పూర్వమే కొందరుండిరి.

జెఫర్సన్ బర్డిక్ 1900వ సంవత్సరమున జన్మించెను. న్యూయార్కు రాష్ట్రపు నడిమి భాగమున సిరక్యూస్ నగరమునకు ఉత్తరముగా సెంట్రల్ స్క్వేర్ అను చిన్న గ్రామమొకటి కలదు. ఆ ప్రాంతమున పొలముల నడుమ అతని బాల్యము గడచెను. తెల్ల అంచు కార్డులు అంగళ్ళకు వచ్చునాటికి బర్డిక్ తొమ్మిది పది యేండ్ల బాలుడు. ఆ ఈడు బాలురందరివలె అతడును ఆ బొమ్మలకు ముగ్ధుడయ్యెను. పల్లెటూరి పిల్లవానికి పట్టణపు ఆటస్థలములు దూరము. బొమ్మల పుస్తకములు అరుదు. సిగరెట్టు పెట్టెనుండి జారిపడెడి ఆ చిన్న కార్డే అతనికి దూరదేశములను, పక్షులను, వీరులను కన్నులకు కట్టించినది. మన పల్లెలలోను పిల్లలు అగ్గిపెట్టెల మీది బొమ్మలను ఏరి దాచుకొనుట కలదు గదా! ఆ సంతోషమే బర్డిక్ కును కలిగినది.

సాధారణముగా బాలురు పెరిగి పెద్దవారైన కొలది ఇట్టి వేడుకలను మరతురు. కార్డులు చేతులు మారి నలిగిపోవును. ఇల్లు సర్దునపుడు చెత్తతోపాటు పొయ్యిలోనికి పోవును. ఈ విధముగా నశించిన కార్డులకు లెక్కలేదు. వెలువడినపుడు అతి చవుకైన వస్తువు కొన్నియేండ్లకు అరుదగుటకు ఇదియే కారణము. విలువగల వస్తువును జనులు భద్రపరతురు. విలువలేనిదని తోచినదానిని ఎవరును దాచరు. బర్డిక్ మాత్రము తన చిన్ననాటి కార్డులను మరువలేదు.

అతడు సిరక్యూస్ విశ్వవిద్యాలయమున చదివి 1922లో పట్టము పొందెను. తరువాత ఆ నగరముననే విద్యుత్ సామగ్రి తయారుచేయు క్రౌస్ హైండ్స్ కంపెనీలో చేరెను. చిన్న చిన్న భాగములను ఒకదానికొకటి కూర్చుట అతని పని. జీతము స్వల్పము. అతడు వివాహము చేసికొనలేదు. ఆడంబరము లేని బ్రదుకు గడపుచు, మిగిలిన కొద్ది పైకమును కార్డులకొరకు వెచ్చించెడివాడు. ఇంతలో అతనికి కీళ్ళవాతము సంక్రమించెను. ఆ వ్యాధి నడివయస్సు నాటికే అతని దేహమును పట్టుకొని, క్రమక్రమముగా వ్రేళ్ళను వంకర చేసి, నడకను కష్టపెట్టెను. దినమెల్ల చేతులతో పనిచేయవలసిన మనుజునకు ఇంతకు మించిన ఆపద వేరొకటి యేమి యుండును? కాని అతడు పని మానలేదు. పగలు కర్మాగారమున శ్రమించి, రాత్రులు కార్డులను ముందిడుకొని కూర్చుండెడివాడు.

1930 తరువాత అతడు కార్డుల విషయమున గట్టి పరిశోధన ఆరంభించెను. అప్పటికి దేశమున అక్కడక్కడ కొందరు సేకర్తలు ఉండిరి. కాని ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఏ కంపెనీ యెన్ని కార్డులను వెలువరించినదో చెప్పు గ్రంథమేదియు లేదు. అనేకములైన కార్డులమీద సంవత్సరము లేదు. వరుస సంఖ్యయును లేదు. తన యొద్దనున్న నలువది కార్డులే వరుస యంతయునో, ఇంకను నాలుగువందలు కలవో తెలియక సేకర్త తికమక పడెడివాడు. ఒకే వరుసను ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో పిలిచెడివారు. ఉత్తరములు వ్రాసికొన్నపుడు ఒకడు చెప్పునది వేరొకనికి అర్థమయ్యెడిది కాదు. శాస్త్రజ్ఞుడు పేరు పెట్టుటకు పూర్వము అడవిలోని మొక్కల స్థితి యెట్టిదో, కార్డుల స్థితియు అట్టిదే.

ఈ చీకటిని తొలగింపవలెనని బర్డిక్ సంకల్పించెను. పత్రికలలో వ్యాసములు వ్రాసెను. 1937లో కార్డు కలెక్టర్స్ బులెటిన్ అను చిన్న పత్రికను తానే ప్రారంభించెను. దానిమూలమున దూరదూరముల నున్న సేకర్తలు ఒకరినొకరు ఎరిగిరి. తమయొద్దనున్న కార్డుల జాబితాలను వారు అతనికి పంపసాగిరి. అతడు వానినన్నిటిని సరిచూచి, ఒక్కొక్క వరుస స్వరూపమును నిర్ణయించెడివాడు.

తేదీ లేని కార్డు కాలమును కనుగొనుట నేరస్థుని జాడ తీయుట వంటిది. ఆటగాడు ఒక జట్టును విడిచి మరియొక జట్టున చేరును. కార్డుమీద క్రొత్త జట్టు పేరున్నచో ఆ కార్డు అటుతరువాత అచ్చయినదని తేలును. కార్డు వెనుక సిగరెట్టు పేరుతోపాటు అది తయారైన కర్మాగారపు సంఖ్యయు పలుమారు ఉండును. దానిని బట్టి సరకు ఎచ్చటిదో తెలియును. అంచు రంగు, అక్షరముల తీరు, అట్ట దళసరి - ఇవియన్నియు సాక్ష్యములే. అచ్చు తప్పులు సైతము పనికివచ్చును. తెల్ల అంచు వరుసలో షెర్రీ మెగీ అను ఆటగాని పేరునందు ఒక అక్షరము తప్పుపడినది. తప్పును తెలిసికొని కంపెనీవారు సరిదిద్దిరి. దిద్దకముందు వెలువడిన కార్డులు కొద్ది కావున అవి నేడు మిక్కిలి అరుదుగా లభించును.

1939వ సంవత్సరమున బర్డిక్ తన తొలి సూచీగ్రంథమును ప్రకటించెను. తరువాత దానిని పెంచి, సరిదిద్ది, అమెరికన్ కార్డ్ కేటలాగ్ అను పేర పలుమారు అచ్చువేయించెను. 1960లో వెలువడినది అతని జీవితకాలమున చివరిది. ఆ గ్రంథమున అతడు కల్పించిన పద్ధతి సులభమైనది. పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’ అను అక్షరము, ఇరువదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ‘టి’ అను అక్షరము, తొలినాటి మిఠాయి కార్డులకు ‘ఇ’ అను అక్షరము - ఇట్లు ఒక్కొక్క తెగకు ఒక్కొక్క గురుతు నుంచెను. అక్షరము ప్రక్కన వరుసకొక సంఖ్య నిచ్చెను. అలెన్ అండ్ గింటర్ వారి 50 క్రీడావీరుల వరుసకు ఎన్ 28 అని, ఓల్డ్ జడ్జ్ ఛాయాచిత్రములకు ఎన్ 172 అని, తెల్ల అంచు బేస్ బాల్ కార్డులకు టి 206 అని పేర్లు పెట్టెను. ఆ నాటినుండి దేశమునందలి సేకర్తలందరికి ఒకే భాష యేర్పడెను. టి 206 అనినంతనే ఎవ్వరికైనను సంగతి తెలియును.

ఆ టి 206 వరుసలోనే హోనస్ వాగ్నర్ కార్డు కలదు. వాగ్నర్ పిట్స్‌బర్గ్ జట్టునకు చెందిన మేటి ఆటగాడు. 1936లో బేస్ బాల్ కీర్తిమందిరమునకు మొట్టమొదట ఎన్నుకొనబడిన ఐదుగురిలో అతడొకడు. అతని బొమ్మను వేయుటకు అనుమతి సంపాదింపుమని పొగాకు కంపెనీవారు ఒక పత్రికా రచయితను కోరిరి. వాగ్నర్ అంగీకరింపలేదు. అంతేకాక, తన నిరాకరణవలన ఆ రచయితకు పది డాలర్ల నష్టము కలుగునని తెలిసి, ఆ సొమ్మును తానే అతనికి పంపెనని 1912లో ఒక పత్రిక ప్రకటించెను. అప్పటికే అచ్చయిన కొద్ది కార్డులు మాత్రము బయటపడెను. బాలురు తన బొమ్మకొరకు పొగాకు కొనుట ఇష్టము లేకనే అతడు వలదనెనని పలువురు చెప్పుదురు. తగిన ప్రతిఫలము ఈయనందున వలదనెనని మరికొందరు చెప్పుదురు. వాగ్నర్ పొగాకు వాడనివాడు కాడు. అతనికి దానిని నమలు అలవాటుండెను. కారణమేదైనను, ఆ కార్డు వెలువడుట ఆగిపోయెను. నేడు లోకమున నున్నవని తెలిసిన వాగ్నర్ కార్డులు సుమారు 60కి మించవు.

బర్డిక్ తన సూచీగ్రంథమున కార్డుల వెలలనుకూడ చూపెను. సామాన్యమైన కార్డుల వెల సెంట్లలోనే యుండగా, వాగ్నర్ కార్డునకు 50 డాలర్ల వెల కట్టెను. ఒక చిన్న అట్టముక్కకు అంతటి వెలయా యని ఆనాటివారు ఆశ్చర్యపడి యుందురు. కాని బర్డిక్ కార్డులను ధనార్జనకై కూర్చినవాడు కాడు. వానిలో అతనికి కనబడినది వేరు. ఒక కాలమున జనులు ఎవరిని మెచ్చుకొనిరి, ఎట్టి వస్త్రములు ధరించిరి, ఏ ఆటలు ఆడిరి, ఏ వస్తువులు కొనిరి - ఇవి పెద్ద చరిత్ర గ్రంథములలో కొద్దిగనే దొరకును. చిన్న బొమ్మకార్డులలో అవి యన్నియు కలవు. అందుచేతనే అతడు బేస్ బాల్ కార్డులతో తృప్తిపడక, పోస్టుకార్డులు, శుభాకాంక్షల కార్డులు, చుట్టలకు చుట్టు రంగుకాగితపు పట్టీలు, వర్తకుల ప్రకటన చీటీలు మొదలగువానినెల్ల సేకరించెను.

యేండ్లు గడచిన కొలది గదినిండ కార్డులు పేరుకొనెను. అతని దేహము మాత్రము క్షీణింపసాగెను. తాను గతించిన పిమ్మట ఈ సంపద యేమగును? అమ్మినచో ముక్కలు ముక్కలుగా నలుదెసలకు చెదరిపోవును. ఒకచోట కూర్చి క్రమపరచిన శ్రమయంతయు వ్యర్థమగును. ఈ చింత అతనిని బాధించెను. తుదకు దానిని ప్రజలకే అర్పింపవలెనని నిశ్చయించుకొనెను.

1870లో స్థాపితమైన న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము లోకమునందలి గొప్ప కళాప్రదర్శనశాలలలో ఒకటి. ప్రాచీన ఈజిప్టు శిల్పములు, ఐరోపా మహాచిత్రకారుల పటములు మొదలగు అమూల్య వస్తువులు అందు కలవు. 1947లో బర్డిక్ తన కార్డులను ఆ మ్యూజియమునకు దానము చేసెదనని తెలిపెను. అచ్చుచిత్రముల శాఖకు అప్పుడు హయట్ మేయర్ అనునతడు అధిపతి. సిగరెట్టు కార్డులకు కళాశాలలో చోటేమని అతడు త్రోసిపుచ్చవచ్చును. కాని మేయర్ దూరదృష్టి గలవాడు. సామాన్య జనుల చేతులలో తిరిగిన అచ్చుబొమ్మలుకూడ జాతిచరిత్రలో భాగమేయని అతడు గ్రహించెను. దానమును స్వీకరించుట కంగీకరించెను. అయితే లక్షలకొలది కాగితములను విడదీసి, వరుసపెట్టి, ఆల్బములలో అంటించుట ఎవరి తరము? ఏ కార్డు ఏ వరుసకు చెందినదో ఎరిగినవాడు బర్డిక్ ఒక్కడే. కావున ఆ భారమును అతడే వహించెను.

అప్పటినుండి సిరక్యూస్ నుండి పెట్టెలు పెట్టెలుగా కార్డులు న్యూయార్కు చేరసాగెను. 1959లో అతడు కర్మాగారపు పని మానుకొనెను. ఊరు విడిచి న్యూయార్కు నగరమునకు వచ్చి నివసించెను. బంధుమిత్రులున్నచోటు విడిచి, రోగపీడితుడైన మనుజుడు మహానగరమున ఒంటరిగా ఉండుటకు పూనుకొనుట సామాన్యము కాదు. మ్యూజియమున అచ్చుచిత్రముల శాఖలో అతనికొక చిన్న బల్ల యిచ్చిరి. శక్తి యున్నంతవరకు అతడు అచటికి వచ్చి, వంకరపోయిన వ్రేళ్ళతో కార్డులను ఒక్కొక్కటిగా తీసి, వరుసలో నుంచి, జిగురు పూసి, పుటలమీద అంటించెడివాడు. ఆరోగ్యవంతుని చేతికి అది తేలిక పని. కీళ్ళు బిగిసిన చేతికి ప్రతి కార్డును ఒక పరీక్షయే. చేయి ముందుగా ఓడిపోవునో, పని ముందుగా ముగియునో అనునట్లు అతని దినములు గడచెను. అతడు జాలిని కోరలేదు. కూలిని అసలే కోరలేదు.

మూడేండ్లకు మించి ఈ తపస్సు సాగెను. 1963 జనవరి 10వ తేదీన చివరి కార్డు తన చోటికి చేరెను. సాయంకాలమున అతడు పని ముగిసినదని అచటివారికి తెలిపెను. తాను ఇక తిరిగి రాజాలనని సూచించి, ఎంతయో కష్టముమీద తన కోటు తొడుగుకొని, మెల్లగా నడిచి వెడలిపోయెను. మరునాడే ఆసుపత్రిలో చేరెను. రెండు మాసముల అనంతరము, మార్చి 13వ తేదీన అతడు స్వర్గస్థుడయ్యెను. పని ముగియువరకు నిలిచిన ప్రాణము పని ముగిసిన పిమ్మట విశ్రమించినది.

అతడు మ్యూజియమున కర్పించిన వస్తువుల సంఖ్య మూడు లక్షలకు పైబడినది. వానిలో బేస్ బాల్ కార్డులే 30 వేలకు మించును. అరుదైన వాగ్నర్ కార్డును వానిలో నొకటి. జిగురుతో అంటించుటవలన కార్డుల వెనుకభాగము కనబడకుండ పోయెనని తరువాతి సేకర్తలలో కొందరు విచారించిరి. అందు కొంత సత్యము లేకపోలేదు. వెనుకనున్న ప్రకటనకూడ కార్డు చరిత్రలో భాగమే గదా! కాని ఆనాటికి ఆల్బములలో అంటించుటయే వాడుక. అంటించనిచో అవి యెక్కడెక్కడ చెదరిపోయెడివో ఎవరు చెప్పగలరు?

బర్డిక్ మరణించిన పిమ్మట కార్డుల వెలలు ఆకాశమునంటెను. అతడు 50 డాలర్లని వ్రాసిన వాగ్నర్ కార్డులలో ఒకటి 2022వ సంవత్సరమున 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. అట్టి కార్డును బర్డిక్ ఒక్క సెంటైనను పుచ్చుకొనక ప్రజలపరము చేసెను. వెలుతురు తగిలినచో కాగితపు రంగులు వెలిసిపోవును. కావున మ్యూజియమువారు ఆ కార్డులనన్నిటిని ఒక్కసారిగా గాక, కొన్ని కొన్నిగా మార్చి మార్చి ప్రదర్శించుచున్నారు. కోటీశ్వరుడు ఇనుపపెట్టెలో దాచుకొను కార్డువంటిదే పేదవాని బిడ్డయు అచట చూడవచ్చును. అతడు పెట్టిన ఎన్, టి, ఇ అను గురుతులను సేకర్తలు నేటికిని వాడుచున్నారు. వానిని పలుకువారిలో పెక్కుమందికి వాని వెనుకనున్న మనుజుని కథ తెలియదు.

ఈ కార్డులు పొగాకు అమ్మకము కొరకు పుట్టినవి. వాని పుట్టుక మెచ్చదగినది కాదు. అయినను లాభాపేక్షతో పుట్టిన వస్తువునుండి లాభాపేక్ష లేని మనుజుడు జాతికి విద్యాసాధనమును నిర్మించెను. కూడబెట్టుట మాత్రమే సేకరణ కాదు. కూడబెట్టినదానిని తెలిసికొనుట, క్రమపరచుట, పదిమందికి పంచుట - ఈ మూడును కలిసినపుడే అది సేకరణ యగును. రోగము చేతులను బంధించినను, పేదరికము వెన్నంటి వచ్చినను, పూనిన పనిని కడముట్టించిన బర్డిక్ జీవితము పట్టుదలకు చక్కని నిదర్శనము. చిన్న పనియని చులకన చేయక, శ్రద్ధతో నిర్వహించినచో ఏ పనియైనను మనుజుని చిరస్మరణీయుని చేయును.